రాత్రి రెండు గంటలకు ఖాళీ డ్రాయర్

నమస్కారం. ఒక్కసారి ఈ దృశ్యం ఊహించుకోండి. రాత్రి రెండు గంటలు. పేషెంట్‌కి రక్తం ఎక్కించాలి. నర్సు ట్రాలీ డ్రాయర్ లాగింది. కావాల్సింది గులాబీ రంగు కాన్యులా (నరంలోకి పెట్టే గొట్టం), అంటే 20 గేజ్ సైజుది. ఉన్నవేమో పసుపువి, 24 గేజ్, పసిపిల్లలకు వాడే సన్నవి. పక్క వార్డుకి పరుగెత్తింది, అక్కడా లేవు. పై అంతస్తుకి వెళ్లింది. ఈలోగా "ఇంకా ఎంతసేపు సిస్టర్?" అని బంధువుల కేకలు. ఆ మాటలు పడేది ఆమే. స్టోర్ నుంచి సరుకు కోరుతూ పంపే ఇండెంట్ సంగతి మర్చిపోయినవాళ్లు అప్పుడు అక్కడ ఉండరు కదా.

సప్లై చైన్ అంటే గోడౌన్లు, టెండర్లు అనుకుంటాం. ఉద్యోగ సంతృప్తి అంటే జీతం, సెలవులు అనుకుంటాం. అవీ ముఖ్యమే. కానీ నేర్చుకున్న పని చేయనివ్వకుండా వస్తువుల కోసం తిప్పుతుంటే, ఎంత జీతమిచ్చినా మనసు విరిగిపోతుంది.

రెండు మూడుసార్లు ఇలా ఇబ్బంది పడ్డ నర్సు ఏం చేస్తుంది? కొన్ని కాన్యులాలు, ఒక గ్లవ్స్ డబ్బా అల్మారా వెనక దాచిపెడుతుంది. దయచేసి దాన్ని దొంగతనంగా చూడకండి. స్టోర్ మీద ఆమెకు నమ్మకం పోయింది, అంతే. నష్టం మాత్రం ఆసుపత్రి మొత్తానిది. దాచినవి ఎక్స్‌పైరీ దాటిపోతాయి. వాడకం పెరిగిందనుకుని స్టోర్ ఇంకా ఆర్డర్ పెడుతుంది. పక్క వార్డులో కొరత అలాగే ఉంటుంది.

చాలా ఆసుపత్రులు రెండు డబ్బాల పద్ధతి వాడతాయి. టయోటా ఫ్యాక్టరీల్లో కార్డు పంపి సరుకు తెప్పించుకునే కాన్‌బాన్ పద్ధతి లాంటిదే. ముందు డబ్బా అయిపోగానే దాని కార్డు స్టోర్‌కి వెళ్తుంది, కొత్త సరుకు వచ్చేదాకా వెనక డబ్బా ఆదుకుంటుంది. నర్సు లెక్కపెట్టే పనే లేదు. అయితే ఆ డబ్బాలో ఎన్ని ఉండాలో ఆఫీసులో కూర్చుని తేల్చకూడదు. నైట్ డ్యూటీ చేసేవాళ్లని అడగాలి. చాలాచోట్ల పద్ధతి చెడేది ఇక్కడే.

ఎంత బాగా నడిపినా కొరత రావచ్చు. 2024 సెప్టెంబర్‌లో హెలీన్ తుఫానుకి అమెరికాలోని నార్త్ కరోలినాలో బ్యాక్స్‌టర్ కంపెనీ ప్లాంట్ మునిగింది. అప్పట్లో అమెరికా ఐవీ ఫ్లూయిడ్స్‌లో, అంటే సెలైన్ లాంటి నరంలోకి ఎక్కించే ద్రవాల్లో, సుమారు 60 శాతం అక్కడివే. ఎన్నో ఆసుపత్రులు ఆపరేషన్లు వాయిదా వేశాయి. అలాంటప్పుడు సిబ్బందికి ముందే చెప్పాలి. "గులాబీవి పదే ఉన్నాయి, రేపు మధ్యాహ్నం దాకా రావు" అని సాయంత్రమే ఒక్క మాట చెప్పి ఉంటే, ఆ నర్సు రక్తం ఎక్కించాల్సిన పేషెంట్ కోసం ఒకటి పక్కన పెట్టుకునేది.