ఏడు సీట్లతో ప్రభుత్వాన్ని ఆడించడం ఎలా?

[తెర మీద: 120 కుర్చీల బొమ్మ]

ఇజ్రాయెల్ మీద చర్చ పెట్టిన ప్రతిసారీ "మత పార్టీలు" అని అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తారు. ఒళ్లు మండిపోతుంది. వాళ్లలో కొందరికి సైన్యంలో చేరడమే దైవకార్యం, మరికొందరు తమ కుర్రాళ్లను సైన్యంలోకి పిలిస్తే ప్రభుత్వం నుంచే లేచిపోతారు.

ముందు లెక్క. ఇజ్రాయెల్ పార్లమెంటు క్నెసెట్‌లో 120 సీట్లు, మెజారిటీకి 61. ఇప్పటిదాకా ఏ పార్టీకీ సొంతంగా అన్ని రాలేదు. దీన్ని 61 రూపాయల బిల్లు అనుకోండి. 2022 ఎన్నికల్లో నెతన్యాహు పార్టీ లికుడ్ జేబులో ఉన్నవి 32. మిగతాదంతా చిల్లర: షాస్ 11, యునైటెడ్ తోరా జుడాయిజం 7, రిలీజియస్ జియోనిజం 14. మొత్తం 64. ఆ ఏడు రూపాయలవాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడా, చేతిలో మిగిలేది 57. బేరం అక్కడే మొదలవుతుంది.

షాస్, తోరా జుడాయిజం హరేదీ పార్టీలు, అంటే ఆచారాల్లో మహా కట్టుదిట్టం. షాస్ 1984లో పుట్టింది, మధ్యప్రాచ్యం, ఉత్తర ఆఫ్రికా మూలాలున్న యూదులది. రెండోది యూరప్ మూలాలవాళ్లది. అదీ ఒక పార్టీ కాదు: అగుదత్ ఇజ్రాయెల్, దెగెల్ హతోరా కలిసి వేసే జాబితా. కీచులాటలున్నా ఎందుకు కలుస్తారంటే, 3.25 శాతం ఓట్లు దాటని జాబితాకి సున్నా సీట్లు. పెద్ద నిర్ణయాలు ఎంపీలవి కావు, రబ్బీల, అంటే యూదు మతగురువుల, మండలివి. ఆ జాబితాల్లో మహిళలు కనిపించరు.

రిలీజియస్ జియోనిజం జాబితా నాయకులు స్మోట్రిచ్, బెన్ గ్విర్‌లది వేరే దారి. వాళ్లకు పాలస్తీనీయులుండే వెస్ట్ బ్యాంక్ మీద పట్టు ముఖ్యం. వాళ్ల 14 కూడా ఎన్నికలయ్యాక 7, 6, 1గా విడిపోయింది.

మరి హరేదీలు చిల్లరకి బదులు ఏం అడుగుతారు? యెషివాలకు (మత పాఠశాలలకు) నిధులు, సబ్బాతు (శుక్రవారం సాయంత్రం మొదలయ్యే విశ్రాంతి దినం, వాహనం ఎక్కకూడదు) నియమాలు, పెళ్లి విడాకులు రబ్బీల కోర్టుల చేతిలోనే ఉండడం. వీటికి మూలం 1947లో, తర్వాత తొలి ప్రధాని అయిన బెన్ గురియన్ అగుదత్‌కు పంపిన లేఖ. తప్పనిసరి సైనిక సేవ నుంచి మినహాయింపు 1948లో దాదాపు 400 మంది యెషివా విద్యార్థులతో మొదలైంది. 1977లో లికుడ్ నేత బెగిన్ ప్రధానిగా వచ్చి పరిమితి ఎత్తేశాడు. 2024 జూన్‌లో సుప్రీంకోర్టు, చట్టబద్ధమైన మినహాయింపు లేదు, వాళ్లనూ పిలవాల్సిందేనంది.

ఒకప్పుడు ఈ చిల్లర ఏ జేబులోనైనా పడేది. నేషనల్ రిలీజియస్ పార్టీ దశాబ్దాలపాటు వామపక్ష లేబర్ పార్టీతోనే ఉంది. 1976 డిసెంబరులో ఒక శుక్రవారం కొత్త ఎఫ్-15 విమానాలు దిగేసరికి సబ్బాతు ముంచుకొచ్చింది. స్వాగతానికి వచ్చిన అతిథులు ఇళ్లకు చేరాలంటే సబ్బాతులో కారెక్కాల్సిందే. అవిశ్వాస తీర్మానం వచ్చింది, ఆ పార్టీ ఓటేయకుండా ఉండిపోయింది. లేబర్ ప్రధాని రబిన్ దాని మంత్రులను తీసేసి, తానూ రాజీనామా చేశాడు. ఆ తర్వాతి ఎన్నికల్లో బెగిన్ గెలిచాడు. విమానాల వల్లే గెలిచాడనేవాళ్లు ఉన్నారు, అది అతి. అరబ్బు దేశాలతో 1973 యుద్ధం దెబ్బ, లేబర్ అవినీతి గొడవలు ఎక్కడికి పోతాయి?

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. ఇప్పుడా చిల్లర కుడివైపు జేబుకే అలవాటు పడింది, కాబట్టి బెదిరింపు సగం ఉత్తుత్తిదే. పైగా 2014 నుంచి అవిశ్వాసం నెగ్గాలంటే ప్రత్యామ్నాయ ప్రభుత్వానికి 61 మంది మద్దతు చూపించాలి. 2025 జూలైలో తోరా జుడాయిజం వెళ్లిపోయింది, షాస్ మంత్రులు రాజీనామా చేశారు, ప్రభుత్వం మాత్రం పడలేదు. ఇక మిగిలిన గట్టి మెలిక బడ్జెట్: మామూలు ఏడాదిలో మార్చి 31లోగా పాస్ కాకపోతే క్నెసెట్ దానంతటదే రద్దవుతుంది.