ఒడ్డున ఒక మనిషి కావాలి

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున ఏ కొండ మీదో, ఏ ఒడ్డునో ఉండాల్సిన మీరంతా ఇలా హాల్లో కుర్చీల్లో కూర్చున్నారు కాబట్టి ఎక్కువ సేపు ఆపను. టెంటు సర్దుకుని బయల్దేరేటప్పుడు, పిల్లల్ని సముద్రానికి తీసుకెళ్ళేటప్పుడు మనకి ప్రభుత్వం గుర్తుకు రాదు. రానక్కర్లేదు కూడా, కాస్త ఊపిరి పీల్చుకుందామనే కదా వెళ్ళేది. కానీ ఆ ఇసుకలో ఎంత దూరం నడవొచ్చు, రాత్రికి అక్కడ పడుకోవచ్చా, పొయ్యి రాజేసుకోవచ్చా, కెరటం లాగేస్తే వెనకాలే దూకేవాళ్ళు ఉంటారా, ఇవన్నీ మనం ఇంట్లోంచి కదలకముందే ఎక్కడో ఎవరో పెట్టిన సంతకంతో తేలిపోయి ఉంటాయి. ఆ సంతకాల గురించి మాట్లాడదామని వచ్చాను.

ముందు మంచి మాట చెప్తాను. అసలు మనకి నడవడానికి ఒడ్డంటూ మిగిలిందంటే అందులో ప్రభుత్వానికి పెద్ద వాటా ఉంది. 1981లో అప్పటి ప్రధాని ఇందిరాగాంధీ తీర రాష్ట్రాల ముఖ్యమంత్రులకి ఒక ఉత్తరం రాశారు, పోటు సమయంలో నీళ్ళు వచ్చే గీత నుంచి 500 మీటర్ల వరకు తీరాన్ని ఖాళీగా ఉంచమని. పదేళ్ళకి, 1991లో, అదే ఆలోచన కోస్టల్ రెగ్యులేషన్ జోన్ నోటిఫికేషన్‌గా వచ్చింది, పేపర్లలో సీఆర్‌జెడ్ అని చదువుతుంటామే, అది. అది లేకపోతే ఈపాటికి హోటళ్ళ ప్రహరీలు అలల దాకా వచ్చేసేవి. తర్వాత 2011లో ఒకసారి, 2019లో ఇంకోసారి దాన్ని మార్చి రాశారు. జనం ఒత్తుగా ఉన్న పల్లె తీరాల్లో, అంటే చదరపు కిలోమీటరుకి 2,161 మందికి మించి ఉన్నచోట, ఆ 500 మీటర్లలో అసలు కట్టడాలే రాకూడని మేర 200 మీటర్ల నుంచి 50 మీటర్లకి దిగింది 2019లోనే. యాభై మీటర్లంటే ఎంతో తెలియాలంటే ఈసారి వెళ్ళినప్పుడు నీళ్ళ దగ్గర నుంచి ఊరి వైపు డెబ్బై అంగలు వేసి ఆగి చూడండి, నేను వేసి చూశాను, గుండె బరువెక్కింది. ఆ మార్పు వచ్చిన రోజు మన గ్రూపులో ఒక్క మెసేజ్ లేదు. ఇరవై రూపాయల టికెట్టు అనగానే మాత్రం అందరం లేచాం.

ఆ టికెట్టు సంగతి ఇక్కడ ఉన్న విశాఖ వాళ్ళందరికీ గుర్తుండే ఉంటుంది. 2020 అక్టోబరులో దేశంలో ఎనిమిది బీచ్‌లకి బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వస్తే ఆంధ్రప్రదేశ్ నుంచి రుషికొండ ఒక్కటే ఉంది. నీళ్ళ శుభ్రత, మరుగుదొడ్లు, భద్రత, చెత్త తీసే పద్ధతి, ఇలా 33 అంశాలు చూసి డెన్మార్క్‌లో ఉన్న ఒక సంస్థ ఇచ్చే జెండా అది. 2023 జులైలో మనిషికి 20 రూపాయల ప్రవేశ రుసుము పెడతామన్నారు, జనం ఒప్పుకోలేదు, వెనక్కి తీసుకున్నారు. నేను అప్పుడూ జనం పక్షమే, ఇప్పుడూ జనం పక్షమే. బట్టలు మార్చుకునే గదికి తీసుకోండి, బండి పెట్టుకున్నందుకు తీసుకోండి, ఇస్తాం. సముద్రం చూసినందుకు తీసుకోకూడదు. ఇంటిల్లిపాదీ ఆటో మాట్లాడుకుని ఏ రెండు మూడు నెలలకోసారో వచ్చే కుటుంబాలు ఉంటాయి, పిల్లలకి మురీ మిక్చరు, మొక్కజొన్న పొత్తులు కొనడానికి దాచుకున్న డబ్బు గేటు దగ్గరే అయిపోతే వాళ్ళు మళ్ళీ రారు.

అయితే టికెట్టు పోయింది కదా అని మనం ఆ బీచ్ సంగతే మర్చిపోయాం. 2025 మొదట్లో శుభ్రత బాగాలేదని, కెమెరాలు పనిచేయడం లేదని, కుక్కలు తిరుగుతున్నాయని ఫిర్యాదులు వెళ్ళి ఆ జెండా కిందికి దించాల్సి వచ్చింది. ఆ తర్వాత కొద్ది వారాల్లోనే అన్నీ బాగుచేసుకుని మళ్ళీ తెచ్చుకున్నారు. నాకు సంతోషమే వేసింది, దాంతోపాటు ఒక ప్రశ్న కూడా. కొద్ది వారాల్లో అయ్యే పని అన్ని నెలలు ఎందుకు ఆగింది? ఎవరో వచ్చి చూస్తారని తెలిస్తేనే పని జరుగుతుంది. ఆ చూసేవాళ్ళు డెన్మార్క్ నుంచే రావాలా, మనం చూడకూడదా?

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమైన విషయానికి వస్తాను. మన తీరంలోనే ఒక బీచ్, పేరు అనవసరం. రెండేళ్ళ కిందట కార్తీక మాసంలో వెళ్ళాం, వనభోజనాల బస్సులు ఇరవై దాకా ఆగి ఉన్నాయి. మా పక్కనే ఒక కాలేజీ కుర్రాళ్ళ బ్యాచ్ నీళ్ళలోకి దిగింది. వాళ్ళు దిగిన చోట నురగ లేదు. అటూ ఇటూ అలలు తెల్లగా విరుగుతున్నాయి, మధ్యలో మాత్రం ఒక దారి పరిచినట్టు నీళ్ళు ముదురు రంగులో, నిలకడగా ఉన్నాయి. చూసినవాళ్ళు ఎవరైనా స్నానానికి అదే మంచి చోటు అనుకుంటారు. ఒడ్డుకి కొట్టుకొచ్చిన నీళ్ళన్నీ తిరిగి లోపలికి వెళ్ళేది ఆ దారినే, రిప్ కరెంట్ అంటే అదే. అంతలో ఈల వినిపించింది. ఒకటి కాదు, ఆపకుండా. వెలిసిపోయిన పసుపు టీషర్టు వేసుకున్న ఒకాయన ట్యూబు భుజాన వేసుకుని పరిగెత్తుకొస్తున్నాడు. అప్పటికే ఒక అబ్బాయి నడుము లోతులోంచి మెడ లోతుకి వెళ్ళిపోయాడు. ఈయన నేరుగా అతని మీదకి ఈదలేదు, అతన్ని పట్టుకున్నాక ఒడ్డు వైపూ ఈదలేదు, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి తీసుకెళ్ళి, నురగ ఉన్న చోటికి చేర్చి, అక్కడ అలలే తోస్తుంటే వచ్చేశాడు. మొత్తం నాలుగైదు నిమిషాలు.

తర్వాత టీ ఇప్పించి కూర్చోబెట్టి మాట్లాడాను. మత్స్యకార కుటుంబం. కాంట్రాక్టు ఉద్యోగం. మూడు నెలలుగా జీతం రాలేదన్నాడు. "సార్, నీడకి ఒక గొడుగు అడిగాం, మైకు అడిగాం, ఈల మాత్రం నేను కొనుక్కున్నాను" అన్నాడు. ఆ ఈల తాడుకి కట్టి మెడలో ఉంది, ఎర్ర ప్లాస్టిక్‌ది, పళ్ళతో కొరికీ కొరికీ అంచు అరిగిపోయింది. ఆ అబ్బాయి ఇంటికెళ్ళి అమ్మ చేతి అన్నం తిన్నాడంటే దానికి కారణం ఆ ఈల.

మరి ఇలాంటి మనుషులు లేనిచోట ఏం జరుగుతోంది? ఎవరో మునిగిపోతారు, పేపర్లో వస్తుంది, కొన్ని రోజులు బీచ్ మూసేస్తారు, "ఇక్కడ స్నానం ప్రమాదకరం" అని బోర్డు పెడతారు, మళ్ళీ తెరుస్తారు. బోర్డుకి నెలనెలా జీతం ఇవ్వక్కర్లేదు. గోవాలో కూడా ఏటా చాలామంది మునిగిపోతుంటే 2008లో అక్కడి ప్రభుత్వం తీరమంతా లైఫ్‌గార్డుల వ్యవస్థ పెట్టింది, శిక్షణ ఇచ్చి, టవర్లు కట్టి, జీపులు ఇచ్చి. మనకి ఈత నేర్పాల్సిన అవసరం లేని గజ ఈతగాళ్ళు ప్రతి మత్స్యకార పల్లెలో ఉన్నారు. అలల ఎత్తు ముందే చెప్పే ఇన్‌కాయిస్ సంస్థ మన హైదరాబాద్‌లోనే ఉంది. ఆ హెచ్చరికని పొద్దున్నే చూసి, బీచ్ మొదట్లో నల్లబల్ల మీద తెలుగులో రాసి, ఎర్రజెండా పాతే మనిషి మాత్రం నేను తిరిగిన చాలాచోట్ల కనిపించలేదు. గోదావరిలో కచ్చులూరు దగ్గర 2019 సెప్టెంబరు 15న బోటు మునిగినప్పుడు కూడా ఇదే చూశాం. వరదలో ఉన్న నదిలోకి బోటు వెళ్తుంటే ఆపే మనిషి లేడు. మునిగాక మాత్రం రాష్ట్రమంతా బోట్లు ఆగిపోయాయి.

అడవి సంగతి కొంచెం వేరు. అక్కడ నేను కొంతవరకు అటవీశాఖ పక్షం, మీలో కొందరికి నచ్చకపోవచ్చు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా వెళ్ళకూడదు, 1967 అటవీ చట్టం ప్రకారం రిజర్వ్ ఫారెస్ట్‌లో నిప్పు పెట్టడం నేరం. మార్చి నెలలో నల్లమల చూసినవాళ్ళకి ఎందుకో చెప్పక్కర్లేదు, ఎండిన బోద గడ్డి, కాలి కింద పటపటమనే ఆకులు, ఒక్క నిప్పురవ్వ చాలు. క్యాంప్‌ఫైర్ లేకపోతే క్యాంపింగ్ ఏంటి అని అడిగే తమ్ముళ్ళకి నా సమాధానం అదే. ఆ నల్లమలలోనే జరిగే సలేశ్వరం జాతరకి చైత్ర పౌర్ణమి చుట్టూ కొన్ని రోజులే పులుల అడవిలోకి వదులుతారు, అది న్యాయమే.

నా బాధ అనుమతి అడగడం గురించి కాదు, అది దొరికే తీరు గురించి. ఒకసారి ఆరుగురం, చెక్‌పోస్టుకి దగ్గర్లోనే ఒక రాత్రి టెంట్లు వేసుకుంటామని కాగితం పట్టుకుని వెళ్ళాం. ఒక ఆఫీసులో ఇంకో ఆఫీసుకి వెళ్ళమన్నారు, అక్కడ సార్ క్యాంపుకి వెళ్ళారన్నారు, మూడో చోట నోటిమాటగా సరే అన్నారు, రాత్రి పదింటికి ఇంకొకరొచ్చి లేపి ఖాళీ చేయించారు. అదే వారం ఇంకో కొండ మీద ఏ కాగితమూ లేకుండా వంద టెంట్లు, స్పీకర్లు, పొద్దున్నే పొగమంచు తీసేసరికి గడ్డి నిండా పేపరు ప్లేట్లు. రూలు అడిగినవాడికే, అడగనివాడికి లేదు. మారేడుమిల్లి వైపు గిరిజనులే వంటచేసి, దారి చూపించి, వచ్చిన డబ్బులో వాటా తీసుకునే పద్ధతి అటవీశాఖ చాలా ఏళ్ళ కిందటే మొదలుపెట్టింది. అక్కడ చెత్త వేస్తే అడిగేవాళ్ళు ఉంటారు, అది వాళ్ళ ఊరు కాబట్టి.

అమెరికాలో ఉన్న మనవాళ్ళని చూసి అక్కడ నేషనల్ పార్కులు ఎంత బాగుంటాయో అనుకుంటాం. 2018 డిసెంబరు నుంచి 35 రోజులు అక్కడి ప్రభుత్వానికి నిధులు ఆగిపోయినప్పుడు చాలా పార్కుల్లో గేట్లు తెరిచే ఉన్నాయి, రేంజర్లు మాత్రం దాదాపుగా లేరు. జాషువా ట్రీ పార్కులో చెత్తకుండీలు పొంగిపోయాయి, మరుగుదొడ్లు నిండిపోయాయి, బళ్ళు ఎడారి మీదుగా నడిపారు, ఆ పార్కుకి పేరు తెచ్చిన చెట్లని కూడా పాడుచేశారు. మనుషులు అక్కడైనా ఇక్కడైనా అంతే. తేడా అంతా ఆ టోపీ పెట్టుకుని నిలబడే రేంజరు దగ్గర ఉంది.

అందుకని ఒక కాగితం రాసుకొచ్చాను. మూడే అడిగాం. జనం వచ్చే ప్రతి బీచ్‌లో పొద్దున ఆరు నుంచి చీకటి పడేదాకా లైఫ్‌గార్డులు, వాళ్ళకి నెలనెలా జీతం, గొడుగు, మైకు. ఆ రోజు సముద్రం ఎలా ఉందో చెప్పే నల్లబల్ల. టెంటు ఎక్కడ వేసుకోవచ్చో, ఎక్కడ వేసుకోకూడదో, ఎవరి సంతకం కావాలో ఒకేచోట తెలుగులో. రేపు సోమవారం, కలెక్టర్ ఆఫీసులో అర్జీలు తీసుకుంటారు, పదింటికల్లా గేటు దగ్గర ఉంటాను. కాగితం వెనక బల్ల మీద ఉంది, పెన్ను కూడా అక్కడే పెట్టాను.