లారీ వెనక యాక్సిల్: బాగు చేయించాలా, మొత్తం మార్చేయాలా?

(షాట్: స్టాండ్ల మీద లారీ, కింద ట్రేలో నల్లటి నూనె)

నమస్తే అన్నా. ఈ ట్రేలో ఉన్నది డిఫరెన్షియల్‌లోంచి, అంటే వెనక యాక్సిల్ మధ్యలో చక్రాల్ని తిప్పే గేర్ల గుండులోంచి, దించిన నూనె. వేలు ముంచి లైటు కింద పెడితే, ఇదిగో, బియ్యపు నూకల్లాంటి ఇనుప ముక్కలు. డ్రెయిన్ ప్లగ్గు అయస్కాంతానికి బూడిదరంగు మెత్తటి పొడి పట్టుకుంటే కంగారు లేదు, తిరిగే గేర్లు ఆ మాత్రం అరుగుతాయి. నూకలు కనిపించాయంటే మాత్రం ఎక్కడో గేరు పన్నో, బేరింగో లేచిపోతోందన్నమాట.

ఈ బండి చీమకుర్తి వైపు గ్రానైట్ రాళ్లు మోస్తుంది. ఓనర్ వచ్చీరాగానే "యాక్సిల్ మొత్తం మార్చేయ్ బాబూ, ఈ టెన్షన్ నావల్ల కాదు" అన్నాడు. అంతకుముందు చూసిన మెకానిక్కేమో "క్రౌన్ పినియన్ వేస్తే అయిపోద్ది" అన్నాడంట. క్రౌన్ అంటే ఆ గుండులో ఉండే పెద్ద గేరు, పినియన్ అంటే దాన్ని తిప్పే చిన్న గేరు. విప్పకముందే ఇద్దరూ తేల్చేశారు. నేనైతే ముందు హౌసింగ్ చూస్తాను, అంటే వీటన్నిటికీ బయట ఉండే ఇనుప తొడుగు, క్రౌన్ తర్వాత.

ఎందుకంటే క్రౌన్, పినియన్, బేరింగులు, సీళ్లు అన్నీ బజార్లో దొరికేవే, బిగిస్తే పోయింది. హౌసింగ్ వంగిందా, లోపల ఎంత కొత్త సామాను వేసినా యాక్సిల్ రాడ్డు వంకరగానే తిరుగుతుంది, దాని పళ్లు అరుగుతాయి, సీలు మళ్లీ కారుతుంది, ఆరు నెలల్లో మళ్లీ ఇక్కడికే వస్తారు.

(షాట్: చక్రం బిగించే హబ్బు విప్పిన హౌసింగ్ కొన, దగ్గరగా)

ఇక్కడ ఒక సంగతి. ఇలాంటి పెద్ద లారీల్లో యాక్సిల్ రాడ్డు బరువు మోయదు, చక్రాన్ని తిప్పడమే దాని పని. బరువంతా ఈ హౌసింగ్ కొన మీద కూర్చున్న రెండు బేరింగులది. అందుకే టైరు విప్పకుండానే రాడ్డు బయటికి లాగేస్తాం, రాడ్డు విరిగినా చక్రం ఊడిపోదు. బేరింగు పట్టేసి ఈ కొన పాడైతే మాత్రం చక్రం హబ్బుతో సహా వెళ్లిపోవచ్చు.

కాబట్టి బేరింగు లోపలి రింగు కూర్చునే చోటు గోరుతో గీకి చూడండి. నీలంగా కాలిందా, గాడి పడిందా? లేతు షాపులో వెల్డింగుతో నింపి తిప్పిస్తామంటారు. బాగా చేసేవాళ్లూ ఉన్నారు, కానీ ఆ వేడికి కొన కాస్త పక్కకి లాగితే కంటికి తెలియదు. రెండు కొనల్లోంచి సూటి కడ్డీ దూర్చి కొలిచి చూపించమనండి, చూపించలేకపోతే వద్దు. కమాన్ కట్టలు (బండి బరువు మోసే స్ప్రింగు పట్టీలు) కూర్చునే చోట పగులు ఉంటే నేను అసలు వెల్డింగే ఒప్పుకోను, అలాంటి హౌసింగ్ పాత ఇనుము కొట్టుకే.

వంపు ముందే టైర్లలో కనిపిస్తుంది. ఓవర్‌లోడుతో హౌసింగ్ వంగితే చక్రాల పైభాగం లోపలికి వాలుతుంది, లోపలి టైర్లకి లోపలి అంచు అరుగుతుంది. 2018లో ప్రభుత్వం నాలుగు టైర్ల ఒంటి యాక్సిల్ బరువు లిమిట్‌ని 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకి పెంచింది. మంచిదే, కానీ అంతకుముందు పోత పోసిన హౌసింగ్ ఆ ఉత్తర్వు చదవలేదు కదా.

(షాట్: క్రౌన్ మీద చెక్కిన నంబరు)

హౌసింగ్ సూటిగా ఉంటే బాగు చేయించడమే నా మాట. అయితే సగం సగం కాదు. క్రౌన్, పినియన్ రెండూ ఫ్యాక్టరీలో ఒకదానితో ఒకటి రుద్ది తయారైన జత, రెండింటి మీదా ఒకే నంబరు ఉంటుంది. పినియన్ ఒక్కటే మార్చి డబ్బు మిగిల్చాననుకుంటే, మొదటి ఘాట్ ఎక్కేసరికి కుయ్యిమంటుంది. బేరింగులు కూడా అన్నీ కొత్తవే వేయండి.

బిగించాక చూడాల్సింది క్రౌన్‌కీ పినియన్‌కీ మధ్య ఆట, అంటే పళ్ల మధ్య సందు. డయల్ గేజీ పెట్టి, మీ బండి మాన్యువల్‌లో ఎంత రాసి ఉంటే అంతకి, మిల్లీమీటరులో పదో వంతుల లెక్కన సరిచేయాలి. చేత్తో ఊపి "సరిపోయిందన్నా" అనే మెకానిక్ ఎంత అనుభవస్తుడైనా నేను నమ్మను. తర్వాత పళ్లకి రంగు పూసి తిప్పితే ముద్ర పంటి మధ్యలో పడాలి. కొనకి గానీ మొదట్లోకి గానీ జరిగితే షిమ్ములు (సందు సరిచేసే పల్చటి రేకులు) మార్చి మళ్లీ మొదలు. విసుగే, ఒక్కోసారి ఒక పూట దీనికే పోతుంది.

ఇక మార్చడమే అంటే, కొత్తది చాలామందికి అందదు, విజయవాడ ఆటోనగర్లోనో ఇంకోచోటో విప్పిన బండి యాక్సిల్ కొంటారు. బయటికి ఒకేలా ఉన్నా లోపల పళ్ల లెక్క వేరే ఉండొచ్చు. క్రౌన్‌కి 41 పళ్లు, పినియన్‌కి 7 అయితే 5.857, 41కి 6 అయితే 6.833, అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి పినియన్ అన్ని చుట్లు తిరగాలి. మీ 41/7 బండికి 41/6 వేశారనుకోండి, అదే స్పీడుకి ఇంజను దాదాపు 17 శాతం ఎక్కువ తిరుగుతుంది, హైవే మీద డీజిల్ తాగేస్తుంది, గేరుబాక్సు నుంచి నడిచే మీటరైతే స్పీడు కూడా ఎక్కువ చూపిస్తుంది. రెండు యాక్సిళ్లూ లాగే బండిలో అయితే రెండింటి లెక్కా ఒకటే ఉండాలి, లేకపోతే ఒకదాన్నొకటి తినేస్తాయి. డ్రమ్ము సైజు, కమాన్ కట్టల మధ్య దూరం, ఏబీఎస్ (బ్రేకు కొట్టినప్పుడు చక్రం పట్టేయకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండైతే హబ్బు లోపలి పళ్ల రింగు, ఇవన్నీ డబ్బు చేతిలో పెట్టకముందే కొలవండి. మూత విప్పి చూపించనన్నవాడి దగ్గర కొనొద్దు.

(షాట్: మట్టి పట్టిన బ్రీదర్)

మన బండి సంగతికొస్తే హౌసింగ్ సూటిగానే ఉంది, కొనలు బాగున్నాయి. చంపింది ఇదిగో, ఈ బ్రీదర్, హౌసింగ్ లోపలి గాలి బయటికి పోయే చిన్న దారి. క్వారీ బురద పట్టి మూసుకుపోయింది, లోపలి గాలి వేడెక్కి సీళ్లలోంచి నూనెని తోసేసింది, మట్టం తగ్గాక ముందు పినియన్ బేరింగు ఎండింది, ఆ తర్వాత పళ్లు. ఇది శుభ్రం చేయకుండా యాక్సిల్ మొత్తం మార్చినా కథ మళ్లీ ఇదే. జత, బేరింగులు, సీళ్లు కొత్తవి వేశాం, గేరు నూనె జీఎల్-5 రకం, 85డబ్ల్యూ-140 చిక్కదనంది పోశాం. యాక్సిల్ మొత్తం మార్చే ఖర్చులో సగం కూడా కాలేదు.

ఓనర్‌కి చెప్పింది ఇంతే: మొదటి రెండు ట్రిప్పులు తక్కువ లోడు, రెండు వేల కిలోమీటర్ల లోపే నూనె మార్చాలి. ఇవాళ ఖాళీగా ఇరవై కిలోమీటర్లు నడిపి ఆపి పినియన్ దగ్గర చెయ్యి పెట్టి చూడు. వెచ్చగా ఉంటే వెళ్లిపో, చెయ్యి ఆనించలేనంత కాలితే బేరింగు ఎక్కువ బిగిసినట్టు, రాళ్లు ఎక్కించకుండా వెనక్కి తీసుకురా.