కోచ్‌కి ఇంకో మూడేళ్ళు ఇవ్వాలా?

(ఫోన్-ఇన్ కార్యక్రమం, సంభాషణ పాఠం)

వ్యాఖ్యాత: నమస్కారం. మార్చి వచ్చిందంటే అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో టోర్నీ గొడవతో పాటు కోచ్‌ల ఉద్యోగాల గొడవా మొదలవుతుంది. మొదటి కాల్ ఒహాయో నుంచి. చెప్పండి సార్.

శ్రోత: నమస్కారమండీ. మా యూనివర్సిటీ అథ్లెటిక్స్ సలహా కమిటీలో ఉన్నాను. డివిజన్ వన్నే, అంటే పైస్థాయే, కానీ మా కాన్ఫరెన్స్, అంటే మేం ఆడే కాలేజీల కూటమి, పెద్దది కాదు. కోచ్‌కి ఒప్పందం ఇంకా రెండేళ్ళుంది, ఏడాదికి 8 లక్షల డాలర్లు. ఈసారి 21 మ్యాచ్‌లు గెలిచాం. ఇంకో మూడేళ్ళు కలపకపోతే కొత్త ఆటగాళ్ళు రారని అతని ఏజెంటు అంటున్నాడు.

నిపుణుడు: ముందు ఆ 21ని విడదీయండి. డివిజన్ వన్ కాని చిన్న కాలేజీల మీద గెలిచినవి పక్కన పెట్టండి. మిగిలినవాటిలో ఎవరి మీద, ఎక్కడ గెలిచారో చూడండి. కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ సంస్థ జట్లకిచ్చే నెట్ ర్యాంకింగ్‌లో సొంత కోర్టులో 30 లోపు, తటస్థ వేదికలో 50 లోపు, బయట 75 లోపు జట్టుతో ఆడితేనే అది క్వాడ్ 1, అంటే అన్నిటికంటే కఠినమైన కోవ మ్యాచ్. మీలాంటి వాళ్ళకు అవి ఏడాదికి రెండో మూడో దొరికితే గొప్ప. అంచేత సొంత కాన్ఫరెన్స్‌లో బయటి ఊళ్ళలో ఎలా ఆడారన్నదే మీకు అసలు కొలత.

తర్వాత 5 పాయింట్లలోపు తేడాతో తేలినవి విడిగా లెక్కేయండి. అందులో 8 గెలిచి 1 ఓడి ఉంటే సంబరపడకండి. అదే జట్టు వచ్చే ఏడు 4 గెలిచి 5 ఓడొచ్చు. 100 పొసెషన్లకు, అంటే బంతి ఒక జట్టు చేతికొచ్చిన 100 సార్లకు, ఎన్ని పాయింట్లు వేశారు, ఎన్ని ఇచ్చారు అన్నది మూడేళ్ళది పక్కపక్కన పెట్టండి. కోచ్ పని తెలిసేది అక్కడే.

శ్రోత: అవన్నీ బాగానే ఉన్నాయనుకోండి?

నిపుణుడు: అప్పుడు కూడా ఏళ్ళ గురించి కాదు, బయ్‌అవుట్, అంటే మధ్యలో తీసేస్తే కట్టాల్సిన డబ్బు గురించి బేరమాడండి. పూర్తి గ్యారంటీతో మూడేళ్ళు కలిపితే మొత్తం 5 ఏళ్ళు, 40 లక్షలు. ఏడాది తర్వాత తీసేయాల్సొస్తే 32 లక్షలు కట్టాలి. అదే కలిపిన మూడేళ్ళకు సగమే గ్యారంటీ అని రాసుకుంటే ఏడాది తర్వాత మిగిలేది 8 ప్లస్ 12, అంటే 20 లక్షలు. బయటికి రెండూ ఐదేళ్ళ ఒప్పందాలే. ఆటగాళ్ళకీ వాళ్ళ తల్లిదండ్రులకీ కనపడేది ఆ ఐదే.

ఆఫ్‌సెట్ షరతు కూడా పెట్టండి. తీసేశాక అతను వేరేచోట చేరితే ఆ జీతం మీరిచ్చేదాంట్లోంచి తగ్గాలి, ఉద్యోగం వెతుక్కునే బాధ్యతా అతనిదే అని ఉండాలి. ఇది లేని ఒప్పందమైతే, అతను పక్క స్టేట్‌లో కోచింగ్ చేస్తున్నా మీ చెక్కు వెళ్తూనే ఉంటుంది. ఇక ఏజెంటు మాటంటారా, మునుపు అందులో కొంత నిజముండేది. ఇప్పుడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో, అంటే కాలేజీ మారాలనుకునేవాళ్ళ జాబితాలో చేరి, ఆటగాళ్ళే ఏటా మారుతున్నారు. కోచ్ 2030 దాకా ఉంటాడా అని అడిగేవాళ్ళు తగ్గారు, ఈ ఏడు రోస్టర్‌కి, అంటే జట్టులోని ఆటగాళ్ళకి, ఎంత బడ్జెట్ అని అడిగేవాళ్ళు పెరిగారు. 2025 జులై నుంచి యూనివర్సిటీలే ఆటగాళ్ళకు నేరుగా డబ్బివ్వొచ్చు కదా. బయ్‌అవుట్‌లో పోయే ప్రతి డాలరూ రోస్టర్‌కి దక్కనిదే.

వ్యాఖ్యాత: తర్వాతి కాల్ కెంటకీ నుంచి.

రెండో శ్రోత: మా కెంటకీ యూనివర్సిటీ పాత కోచ్ కాలిపరి సంగతి చెప్పండి సార్.

నిపుణుడు: 2019లో పదేళ్ళు ఇచ్చారు. 2024లో ఎన్‌సీఏఏ టోర్నీలో ఓక్లండ్ యూనివర్సిటీ చేతిలో తొలి రౌండ్లోనే ఓడాక తీసేద్దామంటే బయ్‌అవుట్ 3.3 కోట్ల డాలర్లు. యూనివర్సిటీ కదల్లేకపోయింది. ఏప్రిల్‌లో ఆయనే ఆర్కన్సాకి వెళ్ళాడు కాబట్టి ఆ డబ్బు కట్టాల్సిన పని తప్పింది. అలాంటి అదృష్టాన్ని నమ్ముకుని సంతకం పెట్టకూడదు.

రెండో శ్రోత: తప్పు చేసి దొరికితే ఏమీ ఇవ్వక్కర్లేదుగా?

నిపుణుడు: అలా అనుకునే యూకాన్, అంటే కనెక్టికట్ యూనివర్సిటీ, దెబ్బతింది. కోచ్ కెవిన్ ఓలీ 2014లో జాతీయ టైటిల్ గెలిపించాడు. 2018లో నియమాలు ఉల్లంఘించాడని, తగిన కారణం ఉందని తీసేశారు. మిగతా జీతం ఇచ్చేది లేదన్నారు. అధ్యాపక యూనియన్ ఒప్పందం అతనికీ వర్తించేది, దాని ప్రకారం తొలగింపు కారణానికి ఉండాల్సిన ప్రమాణం ఎక్కువ. 2022లో మధ్యవర్తి 1.1 కోట్ల డాలర్లకు పైగా కట్టమన్నాడు. అందుకే ఏ ఉల్లంఘన తొలగింపుకు చాలో, తేల్చేది ఎవరో, ఎన్‌సీఏఏ తీర్పు దాకా ఆగాలో వద్దో, అన్నీ పొడిగింపు కాగితంలోనే రాసుకోవాలి.

వ్యాఖ్యాత: టైమ్ అయిపోతోంది. ఒహాయో సార్ లైన్లోనే ఉన్నారు.

శ్రోత: ఒక్కటే అండీ. కోచ్ వెళ్ళిపోతే?

నిపుణుడు: వెళ్ళిపోతాడు, ఎన్నేళ్ళు రాసినా. 2023లో జట్టుని ఫైనల్ ఫోర్‌కి, అంటే టోర్నీ సెమీస్‌కి, తీసుకెళ్ళిన డస్టీ మేకి ఫ్లోరిడా అట్లాంటిక్ పదేళ్ళు ఇచ్చింది. 2024 మార్చికల్లా మిషిగన్‌లో ఉన్నాడు. కాబట్టి అతను వెళ్తే మీకు రావాల్సిన మొత్తం మొదటి రెండేళ్ళకు ఎక్కువగా పెట్టి తర్వాత తగ్గించండి. అది కొత్త జట్టు వెతుక్కునే ఖర్చుకి సరిపోవాలి, ఎందుకంటే కోచ్ మారితే మీ ఆటగాళ్ళకి పోర్టల్ గడువు విడిగా తెరుచుకుంటుంది. ఇంకోటి, టర్మ్ షీట్ (ముఖ్య షరతుల కాగితం) మీద సంతకమయ్యాక అసలు ఒప్పందం నెలలు నానుతుంది. ఆ చిన్న కాగితమే కోర్టులో చెల్లొచ్చు. ఆఫ్‌సెట్, బయ్‌అవుట్ అంకెలు దాంట్లో లేకుండా మీ అథ్లెటిక్స్ డైరెక్టర్‌ని ప్రెస్ మీట్ పెట్టనివ్వకండి.