ఆ రీలును పారేయకండి

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి వచ్చిన స్టూడియో మిత్రులకు, ఈ సభ కోసం బెజవాడ ఎండను లెక్కచేయకుండా వచ్చిన అందరికీ వందనాలు. ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం కాబట్టి, ఫొటో తీసే తొలి పద్ధతుల్లో ఒకదాన్ని కనిపెట్టిన డాగ్యురె గురించి మాట్లాడమన్నారు. 1839 ఆగస్టు 19న ఫ్రాన్స్ ఆయన పద్ధతిని లోకానికి వెల్లడించింది. ఆ మహానుభావుడికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మిగిలిన సమయం మాత్రం మరో విషయానికి ఇవ్వండి.

మీలో చాలామంది ఇళ్లలో, బీరువా అడుగున, కడిగించని రంగుల రీలు ఉంటుంది. తీసుకెళ్లి ఎవరినడిగినా “ఆ మందులు ఇప్పుడు రావండీ, పారేయండి” అంటున్నారు. కొన్ని పాత రకాల ఫిల్ములకు మందులు రావన్నది నిజం. పారేయమనడం అన్యాయం.

కెమెరాలో వెలుగు పడినప్పుడు రంగుల ఫిల్ములో కూడా ముద్ర పడేది వెండి లవణాల మీదే. రంగు పుట్టేది తర్వాత, కడిగేటప్పుడు. కోడాక్రోమ్ అనే పాత రంగుల ఫిల్ములో అయితే రంగునిచ్చే పదార్థాలు ఫిల్ములో ఉండనే ఉండవు, కడిగే మందులోనే ఉంటాయి. అమెరికాలోని పార్సన్స్ అనే ఊళ్లో దాన్ని కడిగే చివరి ల్యాబ్ 2010 ఆఖరుతో రీళ్లు తీసుకోవడం ఆపేసింది. రంగు దారి అక్కడితో మూసుకుపోయింది. కానీ వెండి బొమ్మ అలాగే ఉంది. నలుపు తెలుపు మందులో కడిగితే అది బయటికి వస్తుంది.

తెనాలి దగ్గరి ఒక ఊళ్లో 1972లో జరిగిన పెళ్లి సంగతి చెప్పాలి. పెళ్లికొడుకు మేనమామ అమెరికా నుంచి తెచ్చిన కోడాకలర్-ఎక్స్ అనే రంగుల ఫిల్ము రీళ్లు రెండు. కడిగించడం కుదరక పెట్టెలో ఉండిపోయాయి. చాలా ఏళ్లకు ఒక రీలును నగరంలోని ఒక ల్యాబ్‌కు ఇచ్చారు. డబ్బా మీద ‘సి-22’ అని, కడిగే పద్ధతి పేరు అచ్చు వేసి ఉంది. అది సుమారు 24 డిగ్రీల దగ్గర కడగవలసిన ఫిల్ము. అది చదవకుండా, తర్వాత వచ్చిన సి-41 పద్ధతి యంత్రంలో వేశారు. అందులో మందు 38 డిగ్రీల వేడి. ఆ వేడికి, బొమ్మను పట్టుకుని ఉండే పాత జెలటిన్ పొర కరిగి ఊడిపోయింది. ఒట్టి ప్లాస్టిక్ పట్టీ చేతికిచ్చి, “లోపల ఏమీ లేదు” అన్నారు. ఏమీ లేకపోవడమేమిటి? పెళ్లి మొత్తం ఉంది!

రెండో రీలు నా దగ్గరకు వచ్చింది. మే నెల. కుళాయి నీళ్లే కాలుతున్నాయి. తొట్టిలో ఐసు గడ్డలు వేసి, హెచ్‌సీ-110 అనే నలుపు తెలుపు మందును 20 డిగ్రీలకు దించి, పాత ఫిల్ముకు పట్టే మసకను అణచడానికి కొంచెం బెంజోట్రయజోల్ కలిపి కడిగాను. నారింజ రంగు పట్టీ మీద పల్చగా బొమ్మలు. స్కాన్ చేస్తే, అల్లుడి కాళ్లు కడుగుతూ వంగిన పెద్దాయన. పెళ్లికూతురు ఇప్పుడు డెబ్బై దాటిన మనిషి. తెర మీద ఆయన చెవిపోగును వేలితో చూపించి, “మా నాన్నది ఇంకో ఫొటో లేదు బాబూ” అన్నారు. మరి మొదటి రీలులో ఎవరెవరున్నారు? ఎవరు చెబుతారు? నాకు ఇప్పటికీ మనసు రగులుతుంది.

కాఫీ పొడి, చాకలి సోడా, విటమిన్ సి కలిపి కడగవచ్చునా అని కుర్రవాళ్లు అడుగుతుంటారు. బొమ్మ వస్తుంది, నిజమే. సరదాకు కొత్త ఫిల్ము మీద చేయండి. ఒకే ఒక్క ప్రతి ఉన్న పెళ్లి రీలు మీద వద్దు.

మరో మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచినప్పుడు సింగ్‌నగర్‌లో తడిసిన నెగటివ్‌లు పరుపులతో పాటు చెత్తకుప్పల్లో చూశాను. అమ్మా, తడిసిన నెగటివ్‌ను అలాగే ఎండనివ్వకండి, అతుక్కుపోతుంది. శుభ్రమైన చల్లని నీళ్లలో ఉంచి, ఈ పని తెలిసినవారిని వెంటనే పిలవండి.

స్టూడియో మిత్రులారా, మీ సొరుగుల్లో ఎవరూ తీసుకెళ్లని రీళ్లున్నాయి. దుకాణం మూసేముందు వాటిని పాత సామానుకు వేయకండి. కవరు మీది పేరు చూసి కబురు పెట్టండి. సభ కాగానే మెట్ల పక్కన బల్ల దగ్గర ఉంటాను. డబ్బా తెరవకుండా తీసుకురండి. కోడాక్రోమ్ అయితే ముందే చెప్పండి, దాని వెనక మసిపొర ఉంటుంది, చాకలి సోడా కలిపిన నీళ్లలో నానబెట్టి తీయాలి. రుసుము ఏమీ లేదు.