కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి: టెలిస్కోపుల మీద ఫోన్-ఇన్

(శ్రోతల ఫోన్-ఇన్ రికార్డింగు నుంచి రాసుకున్నది. హలో హలోలు, లైను తెగిన చోట్లు తీసేశాం.)

యాంకర్: నమస్కారమండీ. ఈ గంటలో మామూలుగా దాళ్వా నీళ్ళ గురించో, రొయ్యల ధర గురించో మాట్లాడుకుంటాం. ఈ వారం టెలిస్కోపులు. అవి కూడా చవకవి కాదు, లక్ష దాటినవి. స్టూడియోలో రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్ ఉన్నారు. అందరూ మాస్టారు అంటారు, మేమూ అలాగే అంటాం. మొదటి కాల్ భీమవరం దగ్గర్నుంచి.

శ్రోత: ఆయ్, నమస్కారమండి మాస్టారూ. మాకు చెరువులున్నాయండి. మా అబ్బాయి అమెరికా నుంచి సంక్రాంతికి వస్తున్నాడు. ఏం తెమ్మంటావు నాన్నా అన్నాడు. నాకు చిన్నప్పట్నుంచీ శనిగ్రహం చూడాలనండి. వాడు తకహాషి అని జపాన్ టెలిస్కోపు చూశాడంట, నాలుగంగుళాల లెన్సుది, సెకండ్ హ్యాండు. మూడు వేల డాలర్లు. అంత ఎందుకురా అంటే, ఇది బంగారం లాంటిది, ఎప్పుడమ్మినా మన డబ్బు మనకొస్తుంది అంటున్నాడండి. నిజమేనాండి?

మాస్టారు: టెలిస్కోపు మంచిదేనండి, అందులో అనుమానం లేదు. దాని లెన్సులో ఒక పలక మామూలు గాజు కాదు, ఫ్లోరైట్ అనే స్ఫటికం. మామూలు గాజు లెన్సు అన్ని రంగుల్నీ ఒకేచోట కలపలేదు. చంద్రుడి అంచు చుట్టూ ఊదారంగు గీత పడుతుంది. ఫ్లోరైట్‌తో ఆ గీత దాదాపు కనిపించదు. ఇక బంగారం సంగతి. మీ అబ్బాయి చెప్పింది అమెరికాలో చాలావరకు నిజం. ఇలినాయ్ రాష్ట్రంలో ఆస్ట్రో ఫిజిక్స్ అని చిన్న కంపెనీ ఉంది, రోలండ్ క్రిస్టెన్ అనే ఆయనది. వాళ్ళు చేసేవి తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ. పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూసేవాళ్ళు. అంతకాలం ఆగలేనివాడు పాతదాన్నే కొత్తదాని కన్నా ఎక్కువ పెట్టి కొంటాడు. అక్కడ ఆ కథలు విని ఇక్కడ లెక్కలు వేసుకుంటున్నాం మనం.

శ్రోత: అంటే ఇక్కడ రాదంటారా?

మాస్టారు: మీరు భీమవరంలో అమ్ముతానంటే కొనేవాడెవడండీ? కొనేవాడు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉంటాడు. ఫోటోలు పంపమంటాడు, లెన్సులో టార్చి వేసి చూపించమంటాడు, నాలుగు నెలలు బేరం ఆడతాడు. అమ్మబోతే అడవి అంటారే, అదే.

యాంకర్: అసలు ధరలు పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా మాస్టారూ?

మాస్టారు: ఏ డబ్బులో అడుగుతున్నారో చెప్పాలి మీరు. మూడు వేల డాలర్ల వస్తువు 2010లో 45 రూపాయల లెక్కన లక్షా ముప్పై అయిదు వేలు. అదే మూడు వేల డాలర్లు 2024లో 84 లెక్కన రెండు లక్షల యాభై రెండు వేలు. టెలిస్కోపు అదే, రూపాయి మారింది. జపాన్ డబ్బుతో ఇంకో తమాషా ఉంది. 2012లో ఒక యెన్ మనకి 67 పైసలకి అటూ ఇటూగా ఉండేది, 2024లో 55 పైసల చుట్టుపక్కల. అంటే యెన్ మన మీద చవకైంది. అందుకని ఎక్కడో అమెరికా ధర చూసి రూపాయల్లోకి మార్చుకోకండి. జపాన్ ధర కూడా ఒకసారి చూడమనండి.

శ్రోత: మరి బంగారం...

మాస్టారు: బంగారంతోనే లెక్క చెబుతా, వినండి. క్వెస్టార్ అని ఒక అమెరికన్ టెలిస్కోపు ఉంది. 1954 నుంచి దాదాపు అదే రూపంలో చేస్తున్నారు. మూడున్నర అంగుళాలది, తోలు పెట్టెలో పెట్టి ఇస్తారు, నగల పెట్టెలా ఉంటుంది. 1950లలో 995 డాలర్లకి అమ్మేవారు. అప్పుడు బంగారం ఔన్సు 35 డాలర్లు. ఆ డబ్బుకి 28 ఔన్సుల పైన, అంటే మన కాసుల్లో దాదాపు నూట పది కాసుల బంగారం. ఇవాళ కొత్త క్వెస్టార్ అయిదు వేల డాలర్ల పైమాట. నూట పది కాసులు ఎంత పలుకుతాయో మీ ఇంట్లో ఆడవాళ్ళని అడగండి.

శ్రోత: (నవ్వు) అడిగితే టెలిస్కోపు రాదండి.

మాస్టారు: అబ్బాయిని మాత్రం ఒకటి అడగండి. ఆ మూడు వేలు గొట్టానికేనా, స్టాండుతో కలిపా? ఈ రకం కంపెనీలు గొట్టం విడిగా అమ్ముతాయి. మౌంటు అంటే ఆ స్టాండు, ఐపీసులు అంటే కంటి దగ్గర పెట్టే చిన్న లెన్సులు, ఇవి కలిస్తే ఇంకో లక్ష తేలిగ్గా అవుతుంది. బిల్లు వెంట తెచ్చుకోమనండి, ఎయిర్‌పోర్టులో బ్యాగేజీ పరిమితి దాటితే సుంకం కట్టాలి.

శ్రోత: చెరువు గట్ల మీద రాత్రంతా లైట్లుంటాయండి. కనిపిస్తుందాండి?

మాస్టారు: శనికీ, గురుడికీ, చంద్రుడికీ లైట్లు అడ్డం కావు. జనరేటర్ షెడ్డుకి మాత్రం దూరంగా పెట్టండి. మీరు గ్రహాన్ని నూటయాభై రెట్లు పెద్దది చేసి చూస్తున్నారంటే అదురు కూడా నూటయాభై రెట్లు కనిపిస్తుంది. ఇంకోటి, 2025 మార్చిలో శని వలయాలు మనకి అంచున పడి గీతలా అయిపోయాయి. ఇక 2032 దాకా ఏటేటా విప్పుకుంటూ పోతాయి. మీరు సరైన సమయానికే కొంటున్నారు. అమ్మడం సంగతి మర్చిపోండి.

యాంకర్: రాజోలు నుంచి అమ్మగారు లైన్లో ఉన్నారు.

శ్రోత: నమస్కారం బాబూ. మా వారు పోయి మూడేళ్ళైంది. ఆయనకి ఇదే పిచ్చి. 2003లో మా తమ్ముడి చేత అమెరికా నుంచి తెప్పించుకున్నారు. తెల్ల గొట్టం, టెలీ వ్యూ 85 అని రాసుంది. బీరువా పైన పెట్టి ఉంది. మొన్న ఒకాయన వచ్చి చూసి, అద్దం పాడైపోయిందమ్మా, పదిహేను వేలిస్తాను అన్నాడు. ఇచ్చెయ్యమంటారా?

మాస్టారు: తొందరపడకండమ్మా. అద్దం మీద ఏం కనిపిస్తోంది మీకు?

శ్రోత: మనవడు ఫోను లైటు వేసి చూపించాడు. అంచు దగ్గర సాలీడు గూడు లాగ తెల్లటి పోగులు, బాబూ. రూపాయి కాసంత మేర.

మాస్టారు: అది ఫంగసమ్మా. బూజు. మన కోనసీమ గాలికి పప్పుకే పడుతుంది, లెన్సుకి పడదా? బయట వైపు పడిందా, రెండు అద్దాల మధ్య పడిందా అన్నది ముఖ్యం. మనవడిని పక్క నుంచి లైటు వేసి చూడమనండి. బయటే అయితే తెలిసినవాళ్ళు శుభ్రం చేయగలరు. లోపలైతే లెన్సు విప్పాలి, అది ఇక్కడెవరూ విప్పకూడదు. విప్పితే అద్దాల వరస మళ్ళీ కుదరదు. ఎక్కువకాలం వదిలేస్తే మాత్రం ఆ బూజు వదిలే ఆమ్లం పైపూతని తినేస్తుంది, ఆ మచ్చ ఇక పోదు.

శ్రోత: మెత్తటి గుడ్డతో తుడిస్తే పోదా?

మాస్టారు: (నిట్టూర్పు) అమ్మా, ఆ పని నేను చేశాను కాబట్టి చెబుతున్నా. నా మొదటి మంచి లెన్సు మీద కార్తీకమాసంలో మంచు పడింది. భుజం మీద కండువా తీసి తుడిచాను. మెత్తటి చలువ కండువా. పొద్దున్న వెలుతుర్లో చూస్తే సన్నటి గీతలు, గుండ్రంగా, పళ్ళెం తోమినట్టు. మంచు కాదు గీసింది, దాని కింద ఉన్న దుమ్ము. ఇసకే కదా అది. ముప్పై ఏళ్ళు ఆ గీతలతోనే చూశాను. బాగానే కనిపించాయి లెండి, కానీ అమ్మబోతే ఎవడూ ముట్టుకోలేదు.

యాంకర్: మరి మంచు పడితే ఏం చెయ్యాలి?

మాస్టారు: ముట్టుకోకూడదు. హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడి మీద దూరంగా పట్టుకోవాలి. అసలు పడకుండా ఉండాలంటే ముందు గొట్టానికి నల్ల ఫోమ్ షీటు చుట్టి జానెడు బయటికి తీసుకురావాలి. అమ్మగారూ, మీరు ఇవాళే చెయ్యాల్సింది, దాన్ని బీరువా మీద నుంచి దించండి. గాలి దూరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ అరకిలో పోసి అందులో పెట్టండి. నీలం గుళికలు గులాబీరంగు అయితే మూకుట్లో సన్నసెగ మీద వేపితే మళ్ళీ నీలం అవుతాయి. ఆ మూకుడు మళ్ళీ వంటకి వాడకండి. బియ్యంలో మాత్రం పెట్టకండి, తవుడంతా లోపలికి పోతుంది.

శ్రోత: మరి పదిహేను వేలకి...

మాస్టారు: ఒద్దమ్మా. ఆ కంపెనీ పెట్టినాయన ఆల్ నాగ్లర్, అపోలోలో చంద్రుడి మీద దిగేవాళ్ళు శిక్షణ తీసుకునే సిమ్యులేటర్లకి కటకాలు రూపొందించిన మనిషి. ఆయన పేరు మీద ఉన్న ఐపీసులు ఆ పెట్టెలో ఉండే ఉంటాయి. నాగ్లర్ అని రాసుందేమో చూడండి. ఒక్కో ఐపీసే పదిహేను వేల కన్నా ఎక్కువ చెయ్యొచ్చు. అవి విడిగా లెక్కపెట్టకుండా ఎవరికీ ఇవ్వకండి.

శ్రోత: నల్లటివి, చిన్న గ్లాసుల్లా, మూడున్నాయి బాబూ. పచ్చ అక్షరాలు. ఆయన వాటిని పంచెలో చుట్టి పెట్టేవారు.

మాస్టారు: అలాగే ఉంచండి.

యాంకర్: తణుకు. ఇంటర్ చదువుతున్న తమ్ముడు.

శ్రోత: సార్, ఆన్‌లైన్లో 525 రెట్లు పెద్దగా చూపిస్తుందని ఆరు వేలకి ఒకటుంది. కొనొచ్చా సార్?

మాస్టారు: లెన్సు ఎంత వెడల్పు?

శ్రోత: అరవై మిల్లీమీటర్లు సార్.

మాస్టారు: లెన్సు వెడల్పులో మిల్లీమీటరుకి రెండు రెట్లు, అంతే. అంటే నూట ఇరవై. అది దాటితే పెద్దగా కనిపిస్తుంది, మసగ్గా కూడా కనిపిస్తుంది. డబ్బాలో 525 అని రాసినవాడు మిగతాది కూడా అలాగే రాసుంటాడు. ఆ ఆరు వేలూ బైనాక్యులర్‌కి పెట్టు. పిల్లలకోడి చూడు ముందు, మన తాతలు కృత్తికల్ని అలాగే అనేవారు. కంటికి ఆరు చుక్కలు కనిపిస్తే అందులో ముప్పై నలభై కనిపిస్తాయి.

యాంకర్: అమలాపురం నుంచి ఒక ఫిర్యాదు. చెప్పండి.

శ్రోత: డీలరుకి అడ్వాన్సు లక్ష కట్టానండి. ఆరు నెలలు తిప్పి, ఇప్పుడు డాలర్ పెరిగింది, ఇంకో ముప్పై వేలు ఇస్తేగానీ పంపను అంటున్నాడు.

మాస్టారు: ధర ఎన్నాళ్ళు చెల్లుతుందో కాగితం మీద రాయించుకున్నారా?

శ్రోత: లేదండి. వాట్సాప్‌లో ధర పెట్టాడు.

మాస్టారు: ఆ వాట్సాప్ మెసేజీ, డబ్బు కట్టిన రసీదు దాచుకోండి. 1915కి ఫోన్ చేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ వాళ్ళు ఫిర్యాదు నమోదు చేసుకుంటారు. డాలర్ పెరిగిన మాట అబద్ధమేం కాదు, కానీ పెరిగింది ముప్పై వేలా, మూడు వేలా అన్నది లెక్క చూపించమనండి.

యాంకర్: అంతర్వేది వైపు నుంచి స్కూలు టీచరుగారు.

శ్రోత: నమస్తే సార్. మా హైస్కూల్ పూర్వ విద్యార్థులు లక్ష రూపాయలు పోగు చేశారండి, పిల్లలకి టెలిస్కోపు కొనమని. ఒకాయన మంచి బ్రాండు రిఫ్రాక్టర్, అదే లెన్సు టెలిస్కోపు, చిన్నది కొందాం, పేరుంటుంది అంటున్నారు. ఇంకొకాయన ఎనిమిదంగుళాల డాబ్సోనియన్, అద్దంతో పనిచేసేది, అంటున్నారు. గొడవ తేలట్లేదు.

మాస్టారు: డాబ్సోనియన్. ఇందులో గొడవేం లేదు. ఎనిమిదంగుళాల అద్దం, నాలుగంగుళాల లెన్సు కన్నా నాలుగు రెట్లు వెలుగు పోగు చేస్తుంది. చెక్కపెట్టె మీద ఫిరంగిలా కూర్చుంటుంది, పిల్లలు చేత్తో తిప్పుకుంటారు. దాన్ని పుట్టించినాయన కథ చెప్పండి మీ పిల్లలకి. జాన్ డాబ్సన్, కాలిఫోర్నియాలో రామకృష్ణ సంప్రదాయపు వేదాంత మఠంలో సన్యాసి. మఠంలోనే రహస్యంగా పనికిరాని గాజు పలకలు అరగదీసి అద్దాలు చేసేవాడు. బయటికి తీసుకెళ్ళి వీధిలో జనానికి చంద్రుణ్ణి చూపించేవాడు. చివరికి 1967లో మఠం ఆయన్ని పంపించేసింది. ఆ తర్వాత ఫుట్‌పాత్ మీదే టెలిస్కోపు పెట్టాడు, జీవితమంతా. 2014లో తొంభై ఎనిమిదేళ్ళ వయసులో పోయాడు. తన డిజైను మీద పేటెంటు తీసుకోలేదు. అందుకే ఇవాళ మీ లక్షలో అది వస్తోంది.

శ్రోత: ఉప్పుగాలి కదండీ మాది. అద్దం ఆగుతుందా?

మాస్టారు: అద్దం పైపూత అల్యూమినియం. ఉప్పుగాలికి తొందరగా మసకబారుతుంది, కొన్నేళ్ళకి మళ్ళీ పూత వేయించాలి. ఆ ఖర్చుకి ఇప్పుడే కొంచెం పక్కన పెట్టండి. వాడనప్పుడు మూత తియ్యకండి. కానీ మీకున్నది ఎవరికీ లేదండీ. దక్షిణాన సముద్రం. అటువైపు ఒక్క వీధిలైటు ఉండదు. ఏప్రిల్, మేలో దక్షిణాన ఇరవై ఆరు డిగ్రీల ఎత్తులో ఒమేగా సెంటారి అనే చుక్కల గుంపు వస్తుంది. లక్షల చుక్కలు ఒకే ముద్దగా. యూరప్‌లో చాలామందికి లక్షలు పోసి కొన్న టెలిస్కోపున్నా అది వాళ్ళ దిగంతం కిందే ఉండిపోతుంది. మీ పిల్లలు ఆ ఎనిమిదంగుళాల్లో చూస్తే చక్కెర ఒలకబోసినట్టు కనిపిస్తుంది.

శ్రోత: మే నెలలో సెలవులండి.

మాస్టారు: అయితే ఏప్రిల్లో పెట్టండి. ఆ నెలలో పదకొండు, పన్నెండింటి దాకా పిల్లల్ని ఉంచాలి, తల్లిదండ్రులకి ముందే చెప్పండి.

యాంకర్: ఇక టైము లేదు. మెసేజీ ఒకటి చదివేస్తాను. ముమ్మిడివరం నుంచి. "మా డాబా మీద నుంచి చూస్తే తూర్పున కొబ్బరిచెట్టు సరిగ్గా గురుడికి అడ్డం వస్తోంది. టెలిస్కోపుకి రెండు లక్షలు పెట్టాను. చెట్టు కొట్టించెయ్యమంటారా?" అని అడిగారు.

మాస్టారు: కాపు కాస్తోందా?

యాంకర్: అది రాయలేదండి.

మాస్టారు: కొట్టించొద్దని చెప్పండి. ఆకాశం గంటకి పదిహేను డిగ్రీలు జరుగుతుంది. డాబా మీద నుంచి కొబ్బరిచెట్టు తల ఎంత వెడల్పు ఉంటుంది, పదిహేను డిగ్రీలు. భోజనం చేసి డాబా ఎక్కమనండి, ఈలోపు గురుడు మట్టల్లోంచి బయటికి వచ్చేస్తాడు. అదీ ఆగలేకపోతే టెలిస్కోపు ఎత్తి పిట్టగోడకి ఆ చివర పెట్టుకోమనండి.