కెప్టెన్‌ని బదిలీ చేయించిందెవరు? 1928 నాటి ‘ది రాకెట్’ కథ

[తెర మీద: 1920ల నాటి చికాగో వీధులు]

హాలీవుడ్ గ్యాంగ్‌స్టర్ సినిమా అంటే అందరూ 1931 నాటి ‘లిటిల్ సీజర్’, ‘పబ్లిక్ ఎనిమీ’ల నుంచే మొదలుపెడతారు. మనం మూడేళ్ళు వెనక్కి, ఒక మూకీ సినిమా దగ్గరికి వెళ్దాం. పేరు ‘ది రాకెట్’. నిర్మాత హోవర్డ్ హ్యూస్, దర్శకుడు లూయిస్ మైల్‌స్టోన్.

1920లో అమెరికా అంతటా మద్యనిషేధం వచ్చింది. తాగేవాళ్ళు మానలేదు, అమ్మేవాళ్ళు మాత్రం మారారు. దొంగసారా డబ్బు గ్యాంగుల చేతికి, అక్కణ్ణుంచి మామూళ్ళ రూపంలో పోలీసులకీ నాయకులకీ చేరింది. చికాగోలో విలేకరిగా పనిచేసిన బార్ట్‌లెట్ కార్మాక్ దీన్నే నాటకంగా రాశాడు. సినిమా దాన్నుంచే వచ్చింది. న్యూయార్క్ నాటకశాలల కేంద్రమైన బ్రాడ్‌వేలో ఆ నాటకం ఆడినప్పుడు గ్యాంగ్‌స్టర్ వేషం కట్టింది ఎడ్వర్డ్ జి. రాబిన్సన్. తర్వాత ‘లిటిల్ సీజర్’ కూడా ఆయనే.

[తెర మీద: పోలీస్ స్టేషన్ దృశ్యం]

కథలో పోలీస్ కెప్టెన్ మెక్‌క్విగ్ నిజాయితీపరుడు. సారా వ్యాపారి నిక్ స్కార్సీ వెంటపడతాడు. ఫలితం? కెప్టెన్‌నే ఊరి చివరి స్టేషన్‌కి, శంకరగిరి మాన్యాలకి తోసేస్తారు. ఆ బదిలీ వెనక ఒక రాజకీయ పెద్ద. కథలో అతణ్ణి ‘ఓల్డ్ మ్యాన్’ అంటారు, అంతే. ఓట్లు కావాలి కాబట్టి అతనికి స్కార్సీ కావాలి. చివరికి ఎన్నికల ముందు నోరు విప్పుతానని స్కార్సీ బెదిరిస్తాడు. అప్పుడు అతణ్ణి కాల్చేసేది శత్రు ముఠా కాదు, అన్నాళ్ళూ కాపాడిన యంత్రాంగమే. నేను ఈ సినిమాని అంత గట్టిగా పట్టుకోవడానికి కారణం ఈ ముగింపే. గ్యాంగ్‌స్టర్ చచ్చిపోయాడు, వ్యవస్థకి గీత కూడా పడలేదు!

చికాగోలో నాటకాన్నీ సినిమానీ రెండింటినీ నిషేధించారు. అయినా 1929లో జరిగిన మొట్టమొదటి ఆస్కార్‌లో ఉత్తమ చిత్రం పోటీకి నిలిచిన మూడింటిలో ఇదొకటి. గెలిచింది ‘వింగ్స్’.

[తెర మీద: 1934]

చట్టాన్ని ఎగతాళి చేయకూడదన్న నియమం 1930 నాటి ప్రొడక్షన్ కోడ్‌లోనే, అంటే సినిమాల్లో ఏం చూపించకూడదో చెప్పే హాలీవుడ్ నియమావళిలోనే ఉంది. 1934 నుంచి దాన్ని కచ్చితంగా అమలు చేశారు. ‘పబ్లిక్ ఎనిమీ’లో గ్యాంగ్‌స్టర్‌గా నటించిన జేమ్స్ కాగ్నీ, 1935లో ‘జీ మెన్’లో ఫెడరల్ ఏజెంట్ అయిపోయాడు. లంచగొండి స్టేషన్లని అంత సూటిగా చూపించడం ఇక కష్టమైంది.

‘ది రాకెట్’ కూడా పోయిందనే అనుకున్నారు. 1976లో హ్యూస్ చనిపోయాక, ఆయన సొంత సేకరణలో ఒక ప్రింటు దొరికింది. లాస్ వేగస్‌లోని నెవాడా విశ్వవిద్యాలయం దాన్ని బాగుచేయించింది. ఇప్పుడు మనం చూడగలుగుతున్నది ఆ ప్రింటు వల్లే.